కోడికి పట్టిన పురుగు మనిషికి పడుతుందా?

గుడ్డు పగలగొట్టి గిన్నెలో వేశాక తెల్లసొనలో దారప్పోగులాంటిది తేలుతూ కనబడితే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. చాలాసార్లు అది పురుగు కాదు. పచ్చసొనను గుడ్డు నడిమధ్యన నిలిపి ఉంచే తెల్లటి మెలి ప్రతి గుడ్డులోనూ ఉంటుంది, దాన్ని చూసే కంగారుపడతారు. ఆ మెలి జిగురుగా ఉంటుంది, పుల్లతో లాగితే సొనతో పాటు సాగుతుంది. నిజం పురుగైతే సాగదు. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, పాలిపోయిన పసుపు ఛాయ, గుండ్రటి ఒళ్లు, రెండు కొనలూ సూదిగా ఉంటాయి. సొనలోంచి తీసి పళ్లెం అంచున పెడితే చుట్ట విప్పుకుని నిలువుగా ఉండిపోతుంది. దాని పేరు అస్కారిడియా గాల్లి, కోళ్ల ఏలికపాము.

ఇది ఉండాల్సింది కోడి చిన్నపేగులో. కోడికి రెట్టా గుడ్డూ బయటికొచ్చే గది ఒక్కటే, గుడ్డు నాళం కూడా అందులోకే తెరుచుకుంటుంది. పేగులో పురుగులు కిక్కిరిసినప్పుడు దారి తప్పిన ఒకటి ఆ గదిలోకి దిగి, అక్కణ్నుంచి గుడ్డు నాళంలోకి ఎగబాకుతుంది. లోపల తయారవుతున్న గుడ్డు దాన్ని కూడా కలుపుకుని పెంకు కట్టేసుకుంటుంది. ఇలా జరగడం చాలా అరుదు. ఆ గుడ్డు పారేయాలి, అంతవరకు నిజం. కానీ ఆ పురుగు మనిషి పేగులో బతకదు, మనిషికి రోగం తేదు. ఆ మాట స్పష్టంగా చెప్పకపోవడం వల్లే కోడి పురుగుల గురించిన చర్చంతా మొదట్లోనే పక్కదారి పడుతోంది. కంటికి కనబడే పురుగును చూసి జనం హడలిపోతారు. పెంపకందారు ఆ భయాన్ని పోగొట్టడానికి దొరికిన మందు దొరికినట్టు పోస్తాడు. ప్రమాదం చాలావరకు పుట్టేది ఆ పోయడం దగ్గరే అని నేనంటాను.

ముందు పురుగుల సంగతి తేల్చుకుందాం. పరాన్నజీవుల్లో చాలావాటికి ఆతిథ్యం ఇచ్చే జంతువు ఒకటో రెండో, అంతే. కోళ్లలో రక్తపారుడు తెచ్చే కాక్సిడియోసిస్‌కు మూలం కాక్సిడియా అనే కంటికి కనబడని పరాన్నజీవుల్లోని ఐమేరియా జాతి. కోడికి పట్టే ఐమేరియాల్లో ముఖ్యమైనవి ఏడు రకాలు, ఆ ఏడూ కోడికే పరిమితం. పక్క షెడ్డులోని టర్కీకి కూడా అవి అంటవు, టర్కీకి వేరే ఐమేరియాలు ఉన్నాయి. సీకం అనే జంట తిత్తుల్లో ఉండే సన్నటి హెటరాకిస్ పురుగు మనిషికి రాదు. చీమల్నీ పేడపురుగుల్నీ తిన్న కోళ్లకు పట్టే బద్దె పురుగు రైలియటీనా కూడా అంతే. కోసిన కోడి పేగులో రిబ్బను ముక్కల్లా బద్దె పురుగులు కనబడితే ఆ పేగు తీసి పారేయండి. బాగా ఉడికించిన మాంసానికి దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు.

ఇక్కడితో ఆగి "చూశారా, భయపడాల్సిందేమీ లేదు" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. కోడి నుంచి మనిషికి నేరుగా వచ్చే పరాన్నజీవులు ఉన్నాయి. కాకపోతే అవి కంటికి ఆనవు.

వాటిలో మొదట చెప్పుకోవాల్సింది టాక్సోప్లాస్మా గొండై. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఆహారం ద్వారా సోకే పరాన్నజీవులను తీవ్రత వరసలో పెట్టి 2014లో ప్రచురించిన జాబితాలో దీనిది నాలుగో స్థానం. దీని అసలు ఇల్లు పిల్లి పేగు. కొత్తగా సోకిన పిల్లి ఒకటి రెండు వారాల పాటు మలంలో లక్షలు, కోట్ల సంఖ్యలో ఊసిస్టులను, అంటే గట్టి పొర కట్టుకున్న గుడ్డులాంటి రూపాలను, వదులుతుంది. వదిలిన వెంటనే అవి అంటవు. ఒకటి నుంచి ఐదు రోజుల్లో గాలీ తేమా తగిలి పండుతాయి, తర్వాత మట్టిలో ఏడాదికి పైగా బతకగలవు. కోడి బతుకంతా నేల పొడుచుకు తినడమే కాబట్టి, ఆ నేలలో ఏముందో కోడి ఒంట్లోకి చేరుతుంది. ఒక ప్రాంతంలో మట్టి ఎంత కలుషితమైందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆరుబయట తిరిగే కోళ్ల రక్తాన్నే పరీక్షిస్తారంటే అర్థం చేసుకోవచ్చు.

ఇది సోకిన కోడి సాధారణంగా జబ్బుపడదు. గుడ్లు పెడుతుంది, మేత తింటుంది, బరువు పెరుగుతుంది. కానీ దాని గుండెలో, మెదడులో, కండరాల్లో సూక్ష్మమైన తిత్తులు కట్టుకుని జీవి నిద్రాణంగా ఉండిపోతుంది. కోసినవాడికి ఏమీ కనబడదు. మూసిన షెడ్డులో ఆరేడు వారాలు పెరిగే బ్రాయిలర్‌లో ఇది దాదాపు ఉండదు. నెలల తరబడి బయట తిరిగిన పెరటి కోడిలోనే ఎక్కువ. స్వేచ్ఛగా తిరిగే కోడి ఆరోగ్యకరమని అందరం నమ్ముతాం. కోడి సుఖం దృష్ట్యా చూస్తే అది నిజమే, నేనూ ఆ పక్షమే. కానీ ఈ ఒక్క పరాన్నజీవి విషయంలో లెక్క తారుమారవుతుంది, అది దాచిపెట్టడం తప్పు.

ఆరోగ్యవంతుల్లో ఇది సోకినా చాలామందికి తెలియను కూడా తెలియదు. గర్భిణికి మొదటిసారి సోకితే మాత్రం మావి దాటి బిడ్డను చేరవచ్చు. గర్భం పోవచ్చు, పుట్టిన బిడ్డకు కంటిలో, మెదడులో దెబ్బ తగలవచ్చు. రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లలో ఎప్పుడో సోకి నిద్రపోతున్న తిత్తులు లేచి మెదడువాపు తెస్తాయి.

దీన్ని చంపేది వేడి. మాంసం లోపలి భాగం 67 డిగ్రీల సెల్సియస్ చేరితే తిత్తులు చస్తాయి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి బ్యాక్టీరియాను కూడా కలుపుకుని కోడి మాంసానికి 74 డిగ్రీలు లక్ష్యంగా పెట్టుకోవాలి. థర్మామీటరు సూదిని తొడలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. ఎముకకు తగిలితే అంకె నమ్మదగింది కాదు. మైక్రోవేవ్‌లో వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తగులుతుంది కాబట్టి పచ్చి మాంసం వండడానికి దాని మీద ఆధారపడకూడదు. గడ్డకట్టించడమూ పనిచేస్తుంది: మైనస్ 12 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా, ముక్క లోపలి దాకా, మూడు రోజులుండాలి. ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టడం దీనికి లెక్కకు రాదు. ఉడికించడం కంటే పొరపాట్లు ఎక్కువ జరిగేది కోసేటప్పుడు. పచ్చి గుండె, కాలేయం, కందనకాయ కోసిన చేతితోనే కంటి దురద రుద్దుకోవడం, అదే చెక్క మీద పచ్చి కూరగాయలు తరగడం లాంటివి.

పెంచేచోట చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది. కోడిని కోసి పచ్చి పేగులు, తలలు పిల్లులకు విసరకండి. ఆ తలలోని మెదడు తిన్న పిల్లి పది రోజుల్లోపే అదే పెరట్లో కోట్ల ఊసిస్టులు వదులుతుంది, మళ్లీ కోళ్లు పొడుచుకు తింటాయి. చక్రం అక్కడే తిరుగుతుంది. వ్యర్థాలను ఉడికించి వేయండి, లేదా లోతుగా పూడ్చండి. మేత బస్తాలు నిల్వచేసే గదిలో పిల్లి పడుకోకుండా తలుపు వేయండి.

రెండోది క్రిప్టోస్పోరిడియం మెలియాగ్రిడిస్. టర్కీల్లో 1955లో తొలిసారి వర్ణించిన ఈ జీవి కోళ్లలోనూ మనుషుల్లోనూ నీళ్ల విరేచనాలు కలిగిస్తుంది. పసిపిల్లలు, నిరోధకశక్తి తక్కువున్నవాళ్లు ఎక్కువ ఇబ్బందిపడతారు. దీని ఊసిస్టు 5 మైక్రాన్లే, క్లోరిన్‌కు లొంగదు. షెడ్డులోంచి వచ్చి చేతులకు ఆల్కహాల్ శానిటైజర్ పూసుకుంటే చాలనుకోవడం దీని విషయంలో పొరపాటు. సబ్బుతో రుద్ది పారే నీళ్లలో కడుక్కుంటేనే పోతుంది. కోడిపిల్లలను ముద్దుచేసే పిల్లలకు నేర్పాల్సిన మొదటి అలవాటు ఇదే.

ఇక ఎర్ర మైట్, కోడి రక్తం తాగే నల్లిలాంటి చిన్న పురుగు. పేగు పురుగుల గురించి ఇంత మాట్లాడతారు కానీ, గుడ్ల షెడ్డులో పనిచేసేవాళ్ల ఒంటికి రోజూ తెలిసేది ఇదే. డెర్మనిసస్ గాల్లినే మిల్లీమీటరుకు మించదు. పగలు కోడి మీద ఉండదు. కూర్చునే కర్రల కింద, బోల్టుల చుట్టూ, గుడ్లు దొర్లే బెల్టు క్లిప్పుల్లో దాక్కుని చీకటి పడ్డాక వచ్చి గంటలోపు రక్తం తాగి వెళ్లిపోతుంది. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద మైట్ కావడానికి ఏడు రోజులు చాలు. రక్తం లేకుండా నెలల తరబడి, ఎనిమిది నెలల దాకా, ఖాళీ షెడ్డులో ఆగగలదు. అందుకే బ్యాచ్ తీసేసి ఒక నెల ఖాళీగా ఉంచాం, పోయి ఉంటుంది అనుకోవడం వట్టి భ్రమ. మనిషి మీద ఇది కాపురం పెట్టదు కానీ కుడుతుంది. ముంజేతుల మీద, మెడ మీద గుంపులుగా ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. చర్మవైద్యులు చాలాసార్లు గజ్జి అనుకుని మందిస్తారు. షెడ్డు పని గురించి అడిగితే తప్ప తేలదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ముడతలు పెట్టిన అట్టముక్కను చుట్టి కర్ర కింద దారంతో కట్టండి. రెండు రోజుల తర్వాత తీసి తెల్ల కాగితం మీద దులిపితే ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టు రాలుతుంది: తెల్లటివి విడిచిన పొరలు, బూడిదరంగువి ఆకలితో ఉన్నవి, ఎర్రటివి తాగినవి. వేలితో నలిపితే కాగితం మీద రక్తపు గీత పడుతుంది.

యూరప్‌లో 2017లో జరిగిన ఫిప్రోనిల్ వ్యవహారానికి మూలం ఈ మైటే. నెదర్లాండ్స్, బెల్జియంలలో కోళ్ల షెడ్లలో మైట్‌ను చంపడానికి మొక్కల నూనెల మందు అని చెప్పి కొట్టినదాంట్లో ఫిప్రోనిల్ అనే పురుగుమందు కలిసి ఉంది. ఆహారానికి పెంచే జంతువుల మీద అక్కడ అది నిషిద్ధం. గుడ్లలో అవశేషాలు బయటపడ్డాయి. లక్షలాది గుడ్లు అనేక దేశాల్లో అరల మీద నుంచి దిగాయి, కోళ్లను సామూహికంగా చంపాల్సి వచ్చింది. ఆ మైట్ ఒక్క వినియోగదారుణ్ని కూడా కుట్టలేదు. మనుషుల పళ్లెంలోకి వచ్చింది మైట్ కాదు, దాన్ని చంపడానికి కొట్టిన మందు. ఇప్పుడు ఆ పనికి అనుమతి ఉన్న మందు ఉంది. ఫ్లురలానర్‌ను కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున తాగునీటిలో, ఏడు రోజుల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. యూరప్‌లో 2017లోనే అనుమతి వచ్చింది. గుడ్లకు ఆగాల్సిన రోజులు లేవు, మాంసానికి 14 రోజులు ఆగాలి. ఏడు రోజుల ఎడం ఎందుకంటే, మొదటి మోతాదు నాటికి గుడ్డు దశలో ఉన్న మైట్లు రెండో మోతాదుకు పొదిగి రక్తం తాగే దశకు వస్తాయి. రెండోది ఎగ్గొడితే సగం పనే.

మందు గుడ్డులోకి ఎలా చేరుతుందో అర్థమైతే ఈ జాగ్రత్తలు చాదస్తంగా అనిపించవు. పచ్చసొన ఒక్కరోజులో తయారయ్యేది కాదు. గుడ్డుగా విడుదలయ్యే ముందు దాదాపు పది రోజుల పాటు వేగంగా పొరమీద పొర పేరుకుంటుంది. కొవ్వులో కరిగే మందు ఒంట్లో ఉంటే ఆ పొరల్లోకి చేరుతుంది. ఈ రోజు ఇచ్చిన మందు వచ్చే వారం గుడ్డులో కూడా కనబడేది అందుకే. గుడ్ల కోళ్లకు అనుమతి లేని ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందును మైట్లకూ పేలకూ అంచనాగా వాడేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. కొన్నిసార్లు కోడే ఆచూకీ ఇస్తుంది. నికార్బజిన్ అనే కాక్సిడియా మందు పొరపాటున గుడ్ల కోళ్ల మేతలో కలిస్తే గోధుమరంగు గుడ్లు తెల్లబారతాయి, పొదిగేవి సరిగా పొదగవు. బ్రాయిలర్ మేత తిప్పిన మిక్సర్‌ను శుభ్రం చేయకుండా అందులోనే గుడ్ల కోళ్ల మేత తిప్పితే అది చాలు.

మోతాదు లెక్క ఒకసారి చేసి చూద్దాం. ఏలికపాములకు అమెరికాలోనూ యూరప్‌లోనూ గుడ్ల కోళ్లకు అనుమతి ఉన్న మందు ఫెన్‌బెండజోల్: కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా., వరసగా 5 రోజులు, తాగునీటిలో. 2,000 కోళ్లు, సగటున 1.8 కిలోలు అనుకుంటే 3,600 కిలోలు. రోజుకు 3.6 గ్రాముల మందు. మి.లీ.కు 200 మి.గ్రా. ఉండే ద్రావణమైతే 18 మి.లీ. ఇంత చిన్న పరిమాణాన్ని మూతతో కొలిచి పోస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సిరంజితో కొలవాలి. బరువు అంచనా వేయకూడదు. షెడ్డు నాలుగు మూలల నుంచీ కనీసం యాభై కోళ్లను కాటా పెట్టి సగటు తీయాలి. మందు కలిపిన నీళ్లు పైపులైను చివరి నిపుల్ (కోడి ముక్కుతో నొక్కి నీళ్లు తాగే మూతి) దాకా చేరాయో లేదో చూడాలి. అడుగున పేరుకునే రకం మందైతే ట్యాంకులో కలియబెడుతూనే ఉండాలి. లేకపోతే కొన్ని కోళ్లకు వట్టి నీళ్లు, కొన్నిటికి చిక్కటి మందు.

చాలని మోతాదు వల్ల మిగిలేవి తట్టుకోగల పురుగులే. టర్కీల ఏలికపాము అస్కారిడియా డిసిమిలిస్‌లో ఫెన్‌బెండజోల్‌కు నిరోధకత ఇప్పటికే తేలింది. పైపరజీన్ చవక కాబట్టి చాలామంది దానికే మొగ్గుతారు. అది పెద్ద ఏలికపాములను చచ్చుబడేలా చేసి బయటికి పంపుతుంది, పిల్ల పురుగుల్ని దాదాపు వదిలేస్తుంది, బద్దె పురుగులను అసలు ముట్టదు. రెట్టలో పురుగులు కుప్పగా కనబడతాయి కాబట్టి మందు అద్భుతం చేసిందనిపిస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ మొదటికే వస్తుంది.

కాక్సిడియోసిస్ మనిషికి రాదన్నాను, కానీ అది తెరిచే తలుపు మాత్రం మనవైపే. ఐమేరియా టెనెల్లా సీకం గోడను రక్తం కారేలా చీల్చేస్తుంది. ఆ చీలిన గోడ మీద సాల్మొనెల్లా సులువుగా స్థిరపడుతుంది. ఐమేరియా మాగ్జిమా దెబ్బతీసిన చిన్నపేగులో క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ పెరిగి పేగు కుళ్లు వస్తుంది, దాన్ని ఆపడానికి యాంటీబయాటిక్ పోస్తారు. ఐనోఫోర్ అనే కాక్సిడియా మందులను యూరప్ మేతలో కలిపే పదార్థంగానూ, అమెరికా యాంటీబయాటిక్‌గానూ లెక్కిస్తాయి. మనుషులకు వాడరు కాబట్టి వీటివల్ల బాధ లేదనే వాదన చాలాకాలం నడిచింది. తర్వాత నరాసిన్ అనే ఐనోఫోర్‌ను తట్టుకునే జన్యువులు, ఆసుపత్రుల్లో ఆఖరి అస్త్రాల్లో ఒకటైన వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులతో పాటు ఒకే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటగల డీఎన్‌ఏ ముక్క) మీద ఎంటరోకాకస్ బ్యాక్టీరియాలో కనబడ్డాయి. కోడి మేతలో ఒకటి వేస్తూ రెండోదాన్ని కూడా పోషిస్తున్నామేమో అని అడగడం అతి కాదు.

అందుకే నా పట్టుదల ఒక్కటే: మందుకు ముందు రెట్టలో పురుగు గుడ్లు లెక్కపెట్టండి. షెడ్డులో వేర్వేరు చోట్ల నుంచి ఇరవై తాజా రెట్టలు ఏరండి. మామూలు రెట్టతో పాటు, చాక్లెట్ రంగులో జిగటగా ఉండే సీకం రెట్టలు కూడా ఉండాలి, హెటరాకిస్ గుడ్లు వాటిలోనే ఉంటాయి. అన్నీ కలిపి 3 గ్రాములు తూచి 42 మి.లీ. ఉప్పు ద్రావణంలో మెత్తగా కలపండి. లీటరు నీళ్లలో 400 గ్రాముల ఉప్పు వేసి వేడిచేసి చల్లారిస్తే అడుగున కొంత ఉప్పు మిగులుతుంది, పైన తేరిన ద్రావణమే కావాల్సింది. సన్నజల్లెడలో వడగట్టి మెక్‌మాస్టర్ స్లయిడు (గుడ్లు లెక్కపెట్టడానికి గీతలు గీసిన గదులుండే పలక) రెండు గదులూ నింపి, ఐదు నిమిషాలు ఆగి, మైక్రోస్కోపు కింద గీతల లోపలున్న గుడ్లు లెక్కపెట్టి 50తో గుణించండి. గ్రాము రెట్టలో ఎన్ని గుడ్లున్నాయో ఆ అంకె. ఆగకుండా చూస్తే గుడ్లు ఇంకా పైకి తేలవు, లెక్క తక్కువొస్తుంది. గంటలు ఆగితే ఉప్పు స్ఫటికాలు కట్టి గుడ్లు వికారమవుతాయి. ఏలికపాము, హెటరాకిస్ గుడ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. రెండు కొనలకూ బిరడా ఉన్నట్టుంటే అది కెపిలేరియా అనే వెంట్రుకలాంటి మరో పురుగు గుడ్డు.

మందు కంటే ముందు చూడాల్సింది కాళ్ల కింద ఉన్న లిట్టరు, అంటే షెడ్డు నేల మీద పరిచిన పొట్టు. కాక్సిడియా ఊసిస్టు పండడానికి తేమ, గాలి, వెచ్చదనం కావాలి. 25–30 డిగ్రీల దగ్గర రెండు రోజుల్లోపే పండుతుంది. బ్లీచింగ్‌తో సహా మామూలు క్రిమిసంహారకాలు దాన్ని చంపవు. ఆరడం, వేడి, అమ్మోనియా చంపుతాయి. కాబట్టి మన చేతిలో ఉన్న ఆయుధం పొడిదనం. లిట్టరును గుప్పిట్లో బిగించి వదలండి. ముద్దగా నిలబడిపోతే తడి ఎక్కువ, అసలు అంటుకోకుండా పొడిలా జారిపోతే మరీ ఎండిపోయి దుమ్ము లేస్తుంది. కాస్త అంటుకుని వెంటనే విడిపోవాలి. నిపుళ్ల కిందే ఎప్పుడూ తడి ఉంటే లైను ఎత్తు తప్పు: కోడి మెడ పైకి చాచి తాగాలి, వంగి తాగితే నీళ్లు కారతాయి. ఏలికపాము గుడ్డు మాత్రం వేరు రకం, రెండు మూడు వారాల్లో పండి నెలల తరబడి ఓపికగా కాచుకుంటుంది. తీసేసిన లిట్టరును కుప్పపోసి లోపలి వేడి 55 డిగ్రీలు దాటి మూడు రోజులుండేలా చేసి, తిరగేసి, అంచుల్లో ఉన్నది మధ్యకు వచ్చేలా మళ్లీ వేడెక్కనివ్వాలి. అంచుల్ని వదిలేస్తే అక్కడి గుడ్లు బతికే ఉంటాయి, ఆ ఎరువు వేసిన నేల మీద తర్వాత కోళ్లు తిరిగితే వాటికి మళ్లీ పట్టుకుంటాయి.

గుడ్డులో పురుగు వచ్చిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ గుడ్డు ఏ షెడ్డుదో ముందు కనుక్కోవాలి. క్షమించమని చెప్పి, అది మనిషికి అంటదని చెప్పి, ఆ షెడ్డు రెట్టల్లో పురుగు గుడ్లు అదే రోజు లెక్కపెట్టించాలి. అంకె ఎక్కువుంటే అనుమతి ఉన్న మందును తూచిన బరువుకు తగిన మోతాదులో, ఐదు రోజులూ పూర్తిగా ఇచ్చి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇచ్చారో రాసి ఉంచాలి. మందు ముగిశాక 10 నుంచి 14 రోజులకు మళ్లీ ఇరవై రెట్టలు తీసి చూడాలి. మొదటి అంకెలో పదో వంతు కంటే ఎక్కువ ఇంకా మిగిలి ఉంటే మోతాదు తప్పిందో, మందు లైను చివరికి చేరలేదో, పురుగే మందును తట్టుకుంటోందో తేల్చాలి. తేలకుండా రెండోసారి అదే మందు పోయకూడదు.